పొయ్యి వెలిగించని వంట: వడపప్పు, రంగం రేవు, తాకేటా

ఆడియోలో టైమ్ చాలక కుదించిన సంగతులన్నీ ఇక్కడ వివరంగా రాస్తున్నాం. ఎపిసోడ్ విన్నవాళ్ళు మిగతాది ఇక్కడ చదవచ్చు. వినే తీరిక దొరకనివాళ్ళు ఇదొక్కటే చదివినా కథ మొత్తం అందుతుంది. చివర్లో కొలతలతో సహా వంట కూడా ఉంది. డ్యూటీ దిగి ఆకలి మీద ఉన్నవాళ్ళు ముందు అక్కడికే వెళ్ళి పప్పు నానబెట్టేయండి. అది నానేలోపు ఈ చరిత్ర చదివెయ్యచ్చు.

మనం మాట్లాడుకునే వంట మీ అందరికీ తెలిసిందే: వడపప్పు. నానబెట్టిన పెసరపప్పు, దోసకాయ ముక్కలు, కొబ్బరి, మామిడికాయ తురుము, పచ్చిమిర్చి, నిమ్మరసం, ఉప్పు. పొయ్యి అక్కర్లేదు, గ్యాస్ అక్కర్లేదు. ఎనిమిది మందికి ఒకే స్టవ్ ఉన్న గదిలో మీ వంతు కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు. ఇంత చిన్న వంటకి చరిత్ర ఏముంటుంది అనుకోవచ్చు. ఉంది. వండని తిండి ఎవరితో పంచుకోవచ్చు, ఎవరితో పంచుకోకూడదు అనేది ఒకప్పుడు చిన్న విషయం కాదు. ఆ ప్రశ్న పట్టుకుని వెళ్తే మన కాకినాడ తీరం నుంచి రంగం రేవు దాకా, అక్కడి నుంచి ఇవాళ్టి యాంగోన్‌లోని తాకేటా దాకా దారి పడుతుంది.

పందిట్లో అందరి చేతుల్లోకీ

వడపప్పు అనగానే శ్రీరామనవమి, పక్కనే పానకం. చైత్రమాసం, ఎండలు ముదిరే రోజులు. ఒంటికి చలవ చేసే తిండి కావాలి, వందల మందికి ఒకేసారి పెట్టగలగాలి. పొట్టు తీసిన పెసరపప్పు గంటన్నర, రెండు గంటలు నానితే చాలు, పంటికి మెత్తగా తగులుతుంది. శెనగలకీ కందులకీ ఆ సుళువు లేదు. కన్నడిగులు దీన్నే కోసంబరి అంటారు, వాళ్ళకీ రామనవమి నాడు ఉండాల్సిందే. తమిళులు కోసుమల్లి అంటారు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. మన ఊళ్ళల్లో అన్నం ఎవరి చేతిది తినాలి, ఎవరి పక్కన కూర్చుని తినాలి అని కులం కట్టిన గోడలు చాలా గట్టివి. వండిన అన్నానికి ఉన్నంత కట్టుబాటు పళ్ళకీ, అటుకులకీ, కొబ్బరి బెల్లాలకీ, నానబెట్టిన పప్పుకీ లేదు. పొయ్యి మీద అన్నంగా మారేదాకా గింజకి కులం అంత గట్టిగా అంటదు. అందుకే పందిట్లో పంచే ప్రసాదం ఎక్కువ చేతుల్లోకి వెళ్ళగలిగింది. అలాగని అక్కడ అందరూ సమానమయ్యారని కాదు. ప్రసాదం దోసిట్లో పైనుంచి జారవిడిచిన రోజులూ ఉన్నాయి, కొందరిని పందిరి బయటే నిలబెట్టిన రోజులూ ఉన్నాయి. పంచుకోవడానికి వీలున్న తిండి, నిజంగా పంచుకోవడం, ఈ రెండూ ఒకటి కాదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

రంగం పోయినవాళ్ళు

శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల పెద్దవాళ్ళ నోట రంగూన్ ఎప్పుడూ 'రంగం'. "మా తాత రంగం పోయాడు" అనే మాట ఆ వైపు చాలా ఇళ్ళల్లో వినిపిస్తుంది. 1852లో బ్రిటిష్‌వాళ్ళు దిగువ బర్మాను ఆక్రమించారు. ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక బియ్యం ఎగుమతికి గిరాకీ ఇంకా పెరిగింది. మిల్లుల్లో బస్తాలు మొయ్యడానికి, రేవులో ఓడలు దించడానికి మనుషులు కావాలి. ఎదురుగా బంగాళాఖాతానికి ఇటువైపు కరువులూ అప్పులూ మోస్తున్న మన తీరం ఉంది.

రికార్డుల్లో మన కూలీల పేరు 'కోరంగీలు'. కాకినాడ దగ్గర గోదావరి ముఖద్వారంలో ఉన్న కోరంగి రేవు పేరు అది. 1839 తుఫానులో కోరంగి బాగా దెబ్బతిన్నది. తర్వాతి కాలంలో ఓడలు కాకినాడ, విశాఖపట్నం నుంచే ఎక్కువగా నడిచినా ఆ పేరు మాత్రం మనవాళ్ళకి అంటుకునే ఉంది.

అప్పట్లో బర్మా బ్రిటిష్ ఇండియాలోనే ఒక భాగం. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. ఉన్నదల్లా మేస్త్రీ. ఊరికొచ్చి అడ్వాన్స్ ఇచ్చేది మేస్త్రీ, ఓడ టికెట్టు కొనేది మేస్త్రీ, అక్కడ పని చూపించేది మేస్త్రీ, కూలి డబ్బులోంచి తన వాటా పట్టుకునేదీ మేస్త్రీయే. ఒక మేస్త్రీ మీద ఇంకో మేస్త్రీ, వాళ్ళందరి మీదా కాంట్రాక్టరు. కింద ఉన్న కూలీ చేతికి వచ్చేసరికి ఎంత మిగిలేదో ఏజెంటుకి అప్పు చేసి విమానం ఎక్కినవాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

రంగూన్‌లో వలస కూలీల వ్యవహారాలు చూసిన ఈ.జె.ఎల్. ఆండ్రూ అనే అధికారి 1933లో ఇక్కడి భారతీయ కూలీల మీద ఒక పుస్తకమే అచ్చువేశాడు. ఉండాల్సినవాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువమందిని కుక్కిన గదులు అప్పటి రంగూన్‌కి పెద్ద మచ్చ. 1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు. అందులో తెలుగు మాట్లాడేవాళ్ళు సుమారు లక్షన్నర. ఒక్క రంగూన్ నగరమే చూస్తే జనాభాలో సగానికి పైగా భారతీయులే. బర్మా రాజధానిలో బర్మావాళ్ళే తక్కువ అన్నమాట. ఆ ఊళ్ళో పుట్టినవాడి కళ్ళతో ఒక్క నిమిషం చూడండి, తర్వాత జరిగింది అర్థమవుతుంది.

1930 మే

1930 మే 5. తెల్లవారకముందే గాంధీని అరెస్టు చేశారు. ఆ సాయంత్రమే బాగోలో, అంటే అప్పటి పెగూలో, పెద్ద భూకంపం వచ్చింది. రంగూన్ కూడా కదిలింది. అదే నెలలో రేవులో పనిచేసే తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మెకు దిగారు. న్యాయమైన కోరికే. ఓడల కాంట్రాక్టర్లు వెంటనే బర్మా కూలీలను తెచ్చి పనిలో పెట్టారు. తర్వాత సమ్మెదారులతో రాజీ కుదిరింది. మే 26న ఉదయం ఎప్పటిలాగే పనికి వచ్చిన బర్మావాళ్ళకి "ఇక మీరు అక్కర్లేదు" అని చెప్పారు. పాత కూలీలు లోపలికి వెళ్తున్నారు, కొత్తవాళ్ళు వెనక్కి తిరగాలి. మాటా మాటా పెరిగింది, కొట్లాట మొదలైంది, రోజుల తరబడి నగరమంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువమంది భారతీయులు, వాళ్ళల్లో చాలామంది మన కోరంగీలు.

ఇందులో కాంట్రాక్టరుకి తగిలిన దెబ్బ ఏమీ లేదు. ఒకడి సమ్మెను విరగ్గొట్టడానికి రెండోవాణ్ణి తెచ్చాడు, పని అయ్యాక రెండోవాణ్ణి తోసేశాడు. కొట్టుకుని చచ్చింది మాత్రం కూలి మీద బతికే ఇద్దరూ. ఇవాళ ఒక దేశంవాళ్ళు జీతం పెంచమంటే ఇంకో దేశం నుంచి తక్కువ జీతానికి మనుషుల్ని దింపడం మీలో కొందరు కళ్ళారా చూసే ఉంటారు. అప్పుడు కోపం ఎవరి మీదకి వెళ్తుందో కూడా మీకు తెలుసు.

ఆ తర్వాతి చరిత్ర వేగంగా నడిచింది. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు, మనవాళ్ళు ఒక్క రోజులో పరాయి దేశంవాళ్ళయ్యారు. 1941 డిసెంబర్ 23న జపాన్ బాంబులు పడ్డాయి. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది. లక్షల మంది అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ వైపు అడవుల మీదుగా నడిచి ఇండియా చేరారు. దారిలో రోగాలతో, ఆకలితో రాలిపోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. యుద్ధం అయ్యాక కొందరు తిరిగి వెళ్ళారు. 1964లో నే విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసింది, పెద్ద నోట్లు రద్దు చేసింది. మళ్ళీ ఓడలు నిండాయి. విశాఖ కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అనే పేరు ఆ తిరిగొచ్చినవాళ్ళ గుర్తే.

బర్మా పళ్ళెంలో మన గింజ

మనుషులు వెళ్ళారు, కొట్టుకున్నారు, తిరిగొచ్చారు. మరి తిండి?

బర్మాలో 'అతోక్' అనే ఒక రకం వంటలున్నాయి. 'తోక్' అంటే చేత్తో కలపడం. చివరి 'క్' వాళ్ళు గొంతులోనే మింగేస్తారు, బయటికి 'అతో' అనే వినపడుతుంది. చెన్నై బీచ్ స్టేషన్ దగ్గర, బర్మా బజార్ పక్క వీధుల్లో బండ్ల మీద అమ్మే 'అత్తో' అదే మాట. బర్మా నుంచి తిరిగొచ్చిన తమిళ కుటుంబాలు దాన్ని వెంట తెచ్చాయి. టీ ఆకు ఊరబెట్టి చేసే 'లహ్పెట్ తోక్', సరస్వతి ఆకుతో చేసేది, బొబ్బర్ల లేత కాయలతో చేసేది, ఆఖరికి సమోసా ముక్కలు చేసి కలిపేది, అన్నీ ఈ కుటుంబంలోవే. ఉల్లిపాయ, నిమ్మరసం లేదా చింతపండు పులుసు, మిరప, చేపల రసం, వేయించిన పల్లీలు, కొంచెం నూనె పోసి వేళ్ళతో కలుపుతారు. లహ్పెట్ అయితే వేయించిన పప్పుగింజలతో పాటు ఒకే గిన్నెలో మధ్యలో పెడతారు, వచ్చినవాళ్ళందరూ అందులోంచే తీసుకుంటారు.

ఈ అతోక్‌లు చాలావాటిలో పడే దినుసు ఒకటుంది: వేయించిన శెనగల పిండి. నిమ్మరసాన్నీ నూనెనూ అది పీల్చుకుని ముక్కలకి అంటిస్తుంది, అడుగున నీళ్ళు చేరనివ్వదు. మనం వేపుళ్ళ మీద పుట్నాల పొడి చల్లేదీ దాదాపు ఇందుకే. బర్మా భాషలో 'పే' అంటే పప్పుగింజ. శెనగల్ని వాళ్ళు 'కలాపే' అంటారు. 'కలా' అంటే పడమటి నుంచి వచ్చినవాడు, ముఖ్యంగా భారతీయుడు. అంటే వాళ్ళ భాషలో శెనగ పేరే 'ఇండియావాడి గింజ'. కుర్చీకి పెట్టిన పేరులోనూ, ఒంటెకి పెట్టిన పేరులోనూ ఇదే 'కలా' ఉంది.

కానీ ఈ మాటకి ఇంకో ముఖం ఉంది. మనిషిని పట్టుకుని 'కలా' అంటే ఇవాళ అది చులకన మాట, కొన్నిచోట్ల తిట్టు. గింజని ఇంట్లోకి రానిచ్చిన నోరే మనిషిని గుమ్మం దగ్గర ఆపింది. పెసరపప్పు దోసిట్లో వేసి మనిషిని పందిరి బయట నిలబెట్టిన మన ఊరికీ దీనికీ పెద్ద దూరం లేదు.

తాకేటా

యాంగోన్ పటంలో నగరం నడిబొడ్డు నుంచి తూర్పుగా చూస్తే పజున్‌డాంగ్ కాలువ కనిపిస్తుంది. బియ్యం మిల్లుల వరుస ఒకప్పుడు ఈ కాలువ ఒడ్డునే ఉండేది. మన కూలీలు బస్తాలు మోసింది అక్కడే. కాలువ దాటి అవతలికి వెళ్తే తాకేటా. ఆ కాలంలో అది ఊరు కాదు, వరిచేలు, పల్లపు నేల.

రెండో ప్రపంచ యుద్ధం, ఆ వెంటనే అంతర్యుద్ధం. పల్లెలు వదిలి రంగూన్ చేరినవాళ్ళు నగరం మధ్యలో ఖాళీ దొరికినచోటల్లా గుడిసెలు వేసుకున్నారు. 1958లో నే విన్ నాయకత్వంలో వచ్చిన ఆపద్ధర్మ ప్రభుత్వం ఆ గుడిసెలు పీకించింది. లక్షన్నరకు పైగా జనాన్ని ఉత్తర ఒక్కలాపా, దక్షిణ ఒక్కలాపా, తాకేటా అనే మూడు కొత్త పేటలకు తరలించింది. ముక్క నేల ఇచ్చి ఇల్లు మీరే కట్టుకోండి అన్నారు. పని ఉన్నది మాత్రం కాలువకి ఇవతల, నగరంలోనే. ఇల్లు ఒకచోట, కూలి ఇంకోచోట. ఇది మీ లేబర్ క్యాంపుల లెక్కే: నగరానికి చేతులు కావాలి, మనుషులు మాత్రం కంటికి దూరంగా ఉండాలి.

తాకేటా లాంటి పేటల నుంచి, పల్లెల నుంచి ఇవాళ బర్మావాళ్ళు థాయ్‌లాండ్, మలేషియా, సింగపూర్ వెళ్తున్నారు. 2021 ఫిబ్రవరి సైనిక కుట్ర తర్వాత, 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టం అమల్లోకి తెచ్చాక వెళ్ళే కుర్రాళ్ళు మరీ పెరిగారు. వంద ఏళ్ళ కిందట రంగం వెళ్ళిన మన తాతల చోటులో ఇప్పుడు వాళ్ళున్నారు. మలేషియా ఫ్యాక్టరీలో మీ పక్క మెషీన్ మీద నిలబడ్డ మనిషి వాళ్ళల్లో ఒకరు కావచ్చు.

మన తెలుగువాళ్ళు అందరూ తిరిగి రాలేదు. యాంగోన్‌లో, బాగో వైపు, మోన్ రాష్ట్రంలో తెలుగు కుటుంబాలు ఇంకా ఉన్నాయి. చాలామందికి బయట బర్మా పేరు, ఇంట్లో తెలుగు పేరు. 1982 పౌరసత్వ చట్టం 1823కి ముందు నుంచీ ఆ నేల మీద ఉన్న జాతులకే పూర్తి పౌరసత్వం అని గీత గీసింది. ఓడల మీద వెళ్ళిన కూలీల మనవళ్ళు ఆ గీతకి అవతల పడ్డారు. మూడు తరాలు పుట్టినా కాగితం మాత్రం వేరే రంగులో వస్తుంది.

ఇప్పుడు గింజలే ఓడ ఎక్కుతున్నాయి

పాత రోజుల్లో మనుషులు ఇటు నుంచి అటు వెళ్ళారు. ఇవాళ పప్పులు అటు నుంచి ఇటు వస్తున్నాయి. 1988 తర్వాత మయన్మార్‌లో పప్పుల ఎగుమతికి ప్రైవేటు వ్యాపారుల్ని అనుమతించారు. వరి కోశాక మిగిలే తేమతోనే మినుములు, పెసలు పండించడం బాగా పెరిగింది. ఇండియా దిగుమతి చేసుకునే మినుముల్లో చాలా భాగం అక్కడివే. మన ఇడ్లీ పిండిలో పడే మినప్పప్పు ఐరావతి డెల్టాలోనో బాగో వైపో పండి ఉండొచ్చు. తాకేటా నుంచి బాగో నది మీద 1993లో కట్టిన వంతెన దాటితే తాన్లిన్, దాని కిందుగా సరుకు ఓడలు ఆగే తిలావా రేవు.

2017 ఆగస్టులో ఇండియా పప్పుల దిగుమతి మీద పరిమితులు పెట్టింది. ఇక్కడ మన రైతుకి ధర పడిపోకూడదని ఆ నిర్ణయం. అక్కడ మాత్రం మినుము, కంది ధరలు కుప్పకూలాయి, అప్పు చేసి విత్తు వేసినవాళ్ళు మునిగారు. 2021లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి: ఐదేళ్ళ పాటు ఏటా 2.5 లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు. పప్పు ధర తగ్గితే ఊళ్ళో మీ ఇంటికి సుఖం, అదే ధర తగ్గితే అక్కడ ఇంకొక కుర్రాడు వలస బండి ఎక్కుతాడు. ఇద్దరూ చివరికి ఒకే గదిలో తేలొచ్చు.

ఇక కలుపుదాం: ఎనిమిది మందికి

పొట్టు తీసిన పెసరపప్పు 400 గ్రాములు. మూడు నాలుగుసార్లు కడిగి, తాగే నీళ్ళలోనే నానబెట్టండి. ఉడకబెట్టడం లేదు కాబట్టి పంపు నీళ్ళు వద్దు. గంటన్నర నుంచి రెండు గంటలు చాలు. ఎండ దేశంలో అయితే గిన్నె ఫ్రిజ్‌లో పెట్టండి, బయట ఎక్కువసేపు ఉంటే పులుస్తుంది. గింజ గోటితో నొక్కితే తెగాలి, చిదిమితే పిండి కాకూడదు. నీళ్ళు పూర్తిగా వంచేసి కాసేపు చిల్లుల గిన్నెలో ఆరనివ్వండి.

దోసకాయలు రెండు, సన్నగా ముక్కలు. దేశవాళీ దోసకాయ దొరక్కపోతే కీర చాలు. పుల్ల మామిడికాయ సగం, తురుము. అది లేకపోతే నిమ్మకాయ ఇంకొకటి. కొబ్బరి తురుము గుప్పెడు, పచ్చిమిర్చి మూడు, కొత్తిమీర కట్ట. రెండు నిమ్మకాయల రసం. ఉప్పు చెంచాన్నర, అది మాత్రం తినే ముందే వెయ్యండి. ముందే వేస్తే దోసకాయ నీరు వదిలి పప్పంతా చప్పబడుతుంది.

ఇక్కడిదాకా మన రామనవమి వడపప్పు. దీన్ని తాకేటా వైపు తిప్పాలంటే: పుట్నాలు పొడి చేసి మూడు పెద్ద చెంచాలు, దంచిన వేయించిన పల్లీలు గుప్పెడు, నీళ్ళలో కడిగి పిండిన ఉల్లిపాయ చీలికలు, పచ్చి నువ్వుల నూనె రెండు చెంచాలు. పొడి చివర్లో చల్లి చేత్తో కలపండి, స్పూన్‌తో అయితే అంటదు. చేతులు సబ్బుతో కడుక్కోవడం మర్చిపోవద్దు. చేపల రసం అందరూ తినరు కాబట్టి సీసా పక్కన పెట్టండి, కావలసినవాళ్ళు వాళ్ళ వాటాలో పోసుకుంటారు. కలిపినది రెండు గంటల్లో తినేయాలి, రేపటికి దాచొద్దు.

ఒక జాగ్రత్త. పెసరపప్పుతో చేసినట్టు అన్ని గింజలతో చెయ్యకూడదు. రాజ్మా నానబెట్టి పచ్చిగా తింటే వాంతులు, విరేచనాలు ఖాయం. డబ్బాలో వచ్చే రాజ్మా ఉడికినదే, దాన్ని కడిగి కలుపుకోవచ్చు. 20వ శతాబ్దం మొదట్లో బర్మా నుంచి యూరప్‌కి 'రంగూన్ బీన్స్' అనే పేరుతో ఎగుమతైన చిక్కుడు జాతి గింజల్లో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. మనం డబుల్ బీన్స్ అనే గింజలూ ఆ జాతివే. వాటిని బాగా ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి తినాలి తప్ప పచ్చిగా ముట్టుకోకూడదు.

ఒకే పళ్ళెంలో తిన్నంత మాత్రాన 1930 మే నెల మళ్ళీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ రోజు రేవులో చాలనిది తిండి కాదు, పని. కాంట్రాక్టరు ఇద్దర్నీ విడివిడిగా పిలిచి బేరమాడినప్పుడు ఎవరి కూలి ఎంతో రెండోవాడికి తెలియలేదు. పళ్ళెం చుట్టూ కూర్చున్నప్పుడు ఆ మాట కూడా రావాలి. నీకెంత ఇస్తున్నారు, ఓవర్‌టైమ్ ఎంత, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది. ఈ శుక్రవారం సెలవు ఉన్నవాళ్ళు పప్పు నానబెట్టండి, పక్క గదిలో బర్మావాళ్ళుంటే పిలవండి. వాళ్ళ మాటలో దీన్ని ఏమంటారో అడిగి, వచ్చే ఎపిసోడ్‌కి వాయిస్ మెసేజ్ పంపండి.